బ్రాకెట్లో ఆరు సెకన్లు

ఇంటి నుంచి
జూన్ 9

చిరంజీవి బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

నా రాత బాగోదు, క్షమించు. తప్పులు కూడా ఉంటాయి. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. నలభై ఏళ్ళు పుస్తకాలకి కుట్లు వేసి అట్టలు అంటించానే గాని, లోపల ఒక్క ముక్క రాసింది లేదు. వత్తులు పడని చోట నువ్వే వేసుకుని చదువుకో.

నువ్వు పంపిన కాగితాల కట్ట చేరింది. సంతకం పెట్టమంటే కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. పోస్టాయన నవ్వి, "ఏంటి పెద్దాయనా, కోర్టు నోటీసా?" అన్నాడు. "కాదయ్యా, మా ఇంటి మాటలు" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. నాకు మాత్రం పూర్తిగా అయిందా అంటే అదీ లేదు.

రెండేళ్ళ కిందట సెలవులకి వచ్చినప్పుడు నువ్వు మమ్మల్ని అడిగి, అలమరలో ఒక చిన్న మిషను పెట్టి వెళ్ళావు. మొదట్లో మీ అమ్మమ్మ దానికేసి చూసి, "అదిగో వింటోంది, నోరు జాగ్రత్త" అని నన్నే ఆటపట్టించేది. నోరు జారే మనిషిని నేనా? నాలుగు రోజులకి ఇద్దరం దాన్ని మరిచిపోయాం. ఇప్పుడు ఆ మాటలన్నీ టైపులో చూస్తుంటే ఆమె ఎదురుగా కూర్చుని సణుగుతున్నట్టే ఉంది. మొదటి పేజీలోనే దొరికిపోయాను. "ఉప్పు సరిపోయిందా అంటే తలూపుతావేంటయ్యా, వెనక్కి తిరిగున్నదానికి తల ఎలా కనపడుద్దీ?" అని ఉంది. ఒక్కణ్ణే కూర్చుని పైకే నవ్వాను. ఆమె పోయాక, ఈ పది నెలల్లో అలా నవ్వింది ఇదే. నీ చలవే.

రోజుకి ఒక్క పేజీ చదువుతున్నాను. గబగబా చదివితే అయిపోతుంది.

ఒకటి అడగాలి. మాటల మధ్య బ్రాకెట్లలో అంకెలున్నాయి. (0.8) అని, (2.1) అని. పేజీ నంబర్లు కావు. ఏంటవి?

ఫోనులో నీకు స్నేహితులు దొరికారని మీ అమ్మ చెప్పింది. ముఖం తెలియని స్నేహం ఎలా ఉంటుందో నాకు తెలీదు. నువ్వు వేళకి తింటున్నావట. అది వాళ్ళ వల్లే అయితే వాళ్ళకి నా దండాలు చెప్పు.

ఇంతకంటే రాయడం చేతకాదు.

తాతయ్య

*

హాస్టలు, మూడో అంతస్తు
జూన్ 17

తాతయ్యా,

నీ రాత గురించి ఇంకోసారి క్షమించమన్నావంటే ఊరుకోను. మా ప్రొఫెసర్ గారి రాత పక్కన పెడితే నీది ముత్యాలు.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. అమ్మకి కూడా తెలీదు. కిందటేడాది జనవరిలో నేను పెట్టె సర్దేసుకున్నాను. చదువు మానేసి వచ్చేద్దామని. మనుషులు రోజూ ఇంట్లో, ఆస్పత్రిలో, బడిలో ఎలా మాట్లాడుకుంటారో చూసే చదువు కదా నాది. అలాంటిది, వారం మొత్తం మీద నేను మాట్లాడిన మాటలు రెండే. క్యాంటీన్‌లో "ఒక టీ". అంతే. గదిలో నేనూ, పదహారు గంటల మీ టేపులూ. అవి విని రాసుకోవాలి. ఒక నిమిషం రాయడానికి గంట పడుతుంది. పక్క గది అమ్మాయిది రసాయన శాస్త్రం. నేను పొద్దస్తమానం ముసలివాళ్ళ మాటలు వింటున్నానని నాకేదో అయిందనుకుంది.

ఆ రోజు పెట్టె మూత వేశాక, ఫోనులో అందరూ చూసే చోట ఊరికే రాశాను. "మనుషుల మాటలు విని రాసుకునే చదువు ఇంకెవరైనా చదువుతున్నారా? నా రెండు చెవులు చాలట్లేదు" అని. తెల్లారేసరికి నలుగురు జవాబిచ్చారు. నలుగురూ నాలుగు ఊళ్ళలో నాలాగే గదుల్లో ఒక్కళ్ళే. ఒకడు, "నా రెండూ తీసుకో, ఒకటి కొంచెం మందం" అన్నాడు. పెట్టె విప్పేశాను.

ఇప్పుడు పందొమ్మిది మందిమి. గుంపు పేరు "ముప్పై ఎనిమిది చెవులు". ఎవరైనా కొత్తగా చేరితే పేరులో రెండు పెంచుతాం. ఆదివారం పొద్దున పదింటికి అందరం ఫోనులో కలుస్తాం. ఎవరో ఒకళ్ళు తమ టేపులోంచి ఒక్క నిమిషం వినిపిస్తారు. దాన్నే పదిసార్లు, ఇరవైసార్లు వింటాం. ఒకళ్ళకి దొరకనిది ఇంకొకళ్ళకి దొరుకుతుంది. మిగతా రోజుల్లో ఫోను తెరిచి పెట్టుకుని ఎవరి పని వాళ్ళు చేసుకుంటాం. ఎవరూ మాట్లాడరు. పక్కన మనిషి ఉన్నట్టుంటుంది, అంతే. నాకు జ్వరమొస్తే ఎక్కడో ఉన్నవాడు మా వీధి మందుల షాపుకి ఫోన్ చేసి మాత్రలు పంపించాడు. వాడి పేరు ఇస్త్రీ. మీటింగు జరుగుతున్నంతసేపూ చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటూ ఉంటాడు. గీతలమ్మాయి ఒకతె ఉంది. వినికిడి మిషను పెట్టుకుంటుంది, అందుకని కంప్యూటర్లో శబ్దాన్ని గీతలుగా గీయించి చూస్తుంది. పెద్దమ్మ అని ఇంకొకావిడ. ఇద్దరు పిల్లల్ని పెంచి, నలభై ఆరేళ్ళప్పుడు మళ్ళీ చదువుకొచ్చింది. మా అందరినీ "ఏమే", "ఒరేయ్" అంటుంది.

ఇక నీ బ్రాకెట్లు. అవి మాట్లాడకుండా ఉన్న సెకన్లు! అమ్మమ్మ ఏదైనా అడిగాక నువ్వు పలికేలోపు ఎంత సేపైతే అంత అంకె. మొత్తం కట్టలో నీ మాటల కంటే నీ అంకెలే ఎక్కువ. టేపు ఎవరికీ వినిపించలేదు గాని, అంకెల పట్టిక చూసి ఇస్త్రీ, "మీ తాతయ్య మాటల్లో కాదు, దశాంశాల్లో మాట్లాడతారే" అన్నాడు. నా మూడో అధ్యాయం అంతా నీ మౌనం మీదే. ఒక మనిషి మౌనంగా ఉండి నాకు పీహెచ్‌డీ ఇప్పించి డాక్టర్ని చేస్తున్నాడు, చూశావా?

కట్టతో పాటు ఒక ఫారం ఉంది. మీ మాటలు నా పుస్తకంలో వాడుకోవడానికి నీ అనుమతి. జూలై ఆఖరులోగా సంతకం పెట్టి పంపు.

బుజ్జి

*

ఇంటి నుంచి
జూలై 2

చిరంజీవి బుజ్జికి,

ఫారం మీద సంతకం పెట్టలేను. ఏమీ అనుకోకు.

కాగితాలు వెనక్కి పంపుతున్నాను. ఎవరికీ చూపించకు.

నీ స్నేహితులు మంచివాళ్ళు. పెట్టె విప్పించారు. వాళ్ళకి రుణపడి ఉంటాను.

ఒంట్లో బాగానే ఉంది.

తాతయ్య

*

హాస్టలు, మూడో అంతస్తు
జూలై 8

తాతయ్యా,

నువ్వు వద్దంటే వద్దు. ముందు ఆ మాట చెప్తున్నాను. ప్రొఫెసర్ గారికి చెప్పేశాను. వేరే ఇంటి టేపులతో మూడో అధ్యాయం మళ్ళీ రాయాలి. ఎనిమిది నెలలు పడుతుందన్నారు. పడనీ.

కట్ట లెక్కపెట్టాను. ముప్పై ఒకటో పేజీ లేదు. నువ్వు ఉంచుకున్నావా?

నా దగ్గరున్న కాపీ తీసి చూశాను. ఇదీ అందులో ఉంది:

అమ్మమ్మ: మెట్లెక్కుతుంటే ఇక్కడ పట్టేసినట్టుంటోందయ్యా. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు.
(6.0)
అమ్మమ్మ: ఇప్పుడొద్దులే. ఎండ మండిపోతోంది. కూర్చోవయ్యా.

ఆ అంకె పక్కన నేను పెన్సిలుతో "జవాబు లేదు" అని రాసుకున్నాను. నీకు పంపిన కాపీలో కూడా ఆ పెన్సిలు రాత ఉండే ఉంటుంది. టైపు చేసిన రోజు, మొత్తం పదహారు గంటల్లో అతి పొడుగు మౌనం దొరికిందని సంబరపడ్డాను తాతయ్యా. దాన్ని అంకెలాగే చూశాను. అది ఎవరి మాటో, తర్వాత ఏమైందో తెలిసిన మనవరాలినై ఉండీ.

పైగా బ్రాకెట్ల గురించి జోకులేస్తూ రాశాను. ఆ ఉత్తరం వెనక్కి లాక్కోవాలనుంది.

నేననుకుంటున్నది నిజమేనా? నీకు రాయాలనిపిస్తేనే రాయి. ఒకవేళ నువ్వు ఒప్పుకుంటే ఆ ఒక్క నిమిషం మా వాళ్ళకి వినిపిస్తాను. నా చెవుల మీద నాకు నమ్మకం పోయింది. నువ్వు వద్దంటే ఆ టేపు ఎవరూ వినరు.

బుజ్జి

*

ఇంటి నుంచి
జూలై 15

చిరంజీవి బుజ్జికి ఆశీస్సులు.

నువ్వనుకున్నది నిజమే.

ముప్పై ఒకటో పేజీ నా దగ్గరే ఉంది. చొక్కా జేబులో.

ఆమె ఆ మాట నాతో చెప్పినట్టు నాకు జ్ఞాపకం ఉంది. అప్పుడు నేనేదో పుస్తకం కుడుతున్నాను. నేనేమన్నానో మాత్రం ఎంత తలుచుకున్నా జ్ఞాపకం రాలేదు. ఏదో ఒకటి అనే ఉంటానులే అని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. నీ కాగితం చూశాక తెలిసింది. ఏమీ అనలేదు.

పది రోజుల తర్వాత గాని ఆస్పత్రికి వెళ్ళలేదు. మందులు ఇచ్చారు. ఆ తర్వాత పద్నాలుగు నెలలు ఉంది. ముందే తీసుకొస్తే బాగుండేదని ఆ డాక్టరు ఒక మాటన్నాడు. మామూలుగా అన్నాడు, అందరితో అన్నట్టే. నాకు అది అక్కడే ఉండిపోయింది.

మీ అమ్మ నర్సు. గుండె వార్డులోనే పని. ఒకే ఇంట్లో ఉన్నా ఆ పది రోజుల సంగతి ఆమెకి తెలీదు. చెప్పే ధైర్యం లేదు.

బ్రాకెట్లంటే ఏంటో నువ్వు రాశాక, గోడ గడియారం ముందు నిలబడి ఆరు సెకన్లు చూశాను. చాలా పొడుగు బుజ్జీ. మనిషి అలా చెప్పుకుంటే అంతసేపు పలక్కుండా ఎలా ఉన్నాను? తర్వాత ఆమె "ఇప్పుడొద్దులే" అని ఎండ మాట ఎత్తింది. వీడితో చెప్పి లాభం లేదని మాట మార్చేసిందనుకున్నాను.

నీ మీద కోపం లేదు. నువ్వు ఉన్నది ఉన్నట్టు రాశావు. నీ పని అదే కదా. మేమూ అంతే, రాసినాయన ఏది రాస్తే దానికే అట్ట వేస్తాం.

వాళ్ళకి వినిపిస్తానంటే వినిపించు. నీకు కష్టమొచ్చినప్పుడు నిలబడినవాళ్ళు. నా తప్పు వాళ్ళకి తెలిస్తే నాకు నామోషీ ఏమీ లేదు.

తాతయ్య

*

హాస్టలు, మూడో అంతస్తు
జూలై 27, ఆదివారం

తాతయ్యా,

ఇప్పుడే మీటింగు అయింది. ఆదరాబాదరాగా రాస్తున్నాను, ఈసారి నా రాతని నువ్వు క్షమించాలి. ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోనులో అయితే నువ్వు "ఊఁ" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు, వరసగా.

ముందే అందరికీ చెప్పాను. "ఇది మా తాతయ్య. ఎవరైనా జోకేస్తే గుంపులోంచి తీసేస్తా." ఇస్త్రీ తన ఇస్త్రీపెట్టె ఆపేసి కూర్చున్నాడు. పందొమ్మిది మందీ వచ్చారు. ఎప్పుడూ పన్నెండు మందికి మించరు.

ఆరుసార్లు విన్నాం. అమ్మమ్మ మాట, తర్వాత ఫ్యాను హోరు, మళ్ళీ అమ్మమ్మ మాట. ఎవరికీ ఏమీ దొరకలేదు. నేను ఆపేద్దామనుకుంటున్నాను, అప్పుడు గీతలమ్మాయి చేయి ఎత్తింది.

"ఒక్క నిమిషం. దీన్ని మీరు నిశ్శబ్దం అంటున్నారేంటి?"

"ఎవరూ మాట్లాడట్లేదు కదా" అన్నాను.

"మాట్లాడకపోవచ్చు. నా దగ్గర గీత చదునుగా లేదు. ఐదు చోట్ల లేచింది. మొదటిది సన్నగా పొడుగ్గా ఉంది. తర్వాతది లావుగా. ఆ తర్వాత రెండు పక్కపక్కనే, కవలల్లాగా. ఆఖరుది చిన్నది."

ఇస్త్రీ ఎవరూ అడక్కుండానే ఫ్యాను హోరు తగ్గించే పని మొదలుపెట్టాడు. పావుగంట పట్టింది. ఆ పావుగంటా ఎవరూ ఫోను పెట్టేయలేదు. తర్వాత మళ్ళీ విన్నాం.

వినపడ్డాయి తాతయ్యా. ముందు ఏదో ఇనుప వస్తువు నేల మీద పడి దొర్లిన చప్పుడు. అదేంటో మాలో ఎవరికీ తెలియలేదు. తర్వాత చెక్క నేల మీద ఈడ్చినట్టు.

"కుర్చీ" అన్నాడు ఇస్త్రీ.

"మా ఇంట్లో కుర్చీ లేదు, ముక్కాలిపీట" అన్నాను.

"ఏదైతేనేంరా, లేస్తే గాని జరగదుగా" అంది పెద్దమ్మ. "తర్వాత ఆ రెండూ మళ్ళీ పెట్టవే."

పెట్టాను. చట్, చట్.

"చెప్పులు. ఒకటి, రెండోది. ఇరవై ఏళ్ళుగా మా గుమ్మంలో వింటున్నా, నాకు చెప్తావా? ఆఖరుది తలుపు గడియ. ఇంతకీ ఆ వెంటనే ఆవిడేమంటుంది?"

నేను చదివాను. "ఇప్పుడొద్దులే. ఎండ మండిపోతోంది. కూర్చోవయ్యా."

"ఏమే పిల్లా," అంది పెద్దమ్మ, "కూర్చున్నవాణ్ణి ఎవరైనా కూర్చోమంటారా?"

ఒక్కళ్ళూ మాట్లాడలేదు. ఎన్ని సెకన్లో నేను కొలవలేదు.

నాలుగేళ్ళుగా ఇదే చదువు చదువుతున్నాను. నోట్లోంచి వచ్చిందే రాశాను. కాళ్ళతో చెప్పింది రాయలేదు. అమ్మమ్మ నీతో మాట మార్చలేదు తాతయ్యా. నీకు జవాబు చెప్పింది. నువ్వు బయల్దేరావు కాబట్టే వద్దంది. ఎండలో వెళ్ళొద్దంది.

ఇస్త్రీ చేతికందిన చొక్కాతో ముఖం తుడుచుకుని, "ఇది మళ్ళీ ఇస్త్రీ చేయాలి" అన్నాడు. అప్పుడు అందరం నవ్వాం, కొంతమంది ఏడ్చారు. గీతలమ్మాయి మాత్రం, "మీ తాతయ్యకి చెప్పు, ఆయన చాలా గట్టిగా జవాబిచ్చారు, నాకు కనపడేంత గట్టిగా" అంది.

నా కాపీలో పెన్సిలు రాత చెరిపేశాను. సంతకం అడగను. నువ్వు వినాలనుకుంటే టేపు నా దగ్గరుంది. వద్దనుకుంటే అదీ సరే.

బుజ్జి

*

ఇంటి నుంచి
ఆగస్టు 4

చిరంజీవి బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండు రోజులు చేతిలో పట్టుకుని తిరిగాను.

ఆ దొర్లిన ఇనుప వస్తువు దబ్బనం. కుట్టేటప్పుడు వాడేది. కుట్టు మధ్యలో దబ్బనం వదలకూడదు. వదిలితే దారం సడలి పుస్తకం పాడైపోతుంది. నలభై ఏళ్ళలో ఎప్పుడూ వదిలింది లేదు. ఆ రోజు వదిలేశానన్నమాట.

అది చదివాక జ్ఞాపకం వచ్చింది. గడియ తీశాను. గుమ్మంలో ఎండ కొట్టింది. ఆమె వెనకాలే వచ్చి చొక్కా పట్టుకు లాగింది. కొంగుతో నా మెడ మీద చెమట తుడిచింది. అది మీ గీతల్లో కూడా పడి ఉండదు.

ఆ రోజు వెళ్ళలేదు. పది రోజులు ఆలస్యం చేశాం. అది నిజమే, దాన్ని మార్చలేం. కానీ లేచాను. అదీ నిజమే.

మీ అమ్మకి చెప్పేశాను. డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. విని, చెంబు పట్టుకుని అలాగే నిలబడింది. "నాన్నా, అమ్మ నాకు అసలు చెప్పనే లేదు. నేను గుండె వార్డులో నర్సుని. రోజూ ఒకే ఇంట్లో ఉన్నాం. నీకన్నా చెప్పింది" అంది. ఇన్నాళ్ళూ ఆమె కూడా మోస్తోంది, నాకు తెలీదు. ఆ రోజు ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. అంటే ఆమె మాట్లాడింది.

నా దగ్గరే ఉండిపోయిన ఫారం మీద, గడువు దాటినా, సంతకం పెట్టి ఇందులో ఉంచాను. కొంచెం గీత దాటింది. నీ పుస్తకంలో ఆ ఆరు అంకె తీసేయకు. అలాగే ఉండనీ. పక్కన ఆ చప్పుళ్ళు కూడా రాయి.

నీ వాళ్ళకి ఏమని చెప్పాలో తెలియడం లేదు. చాలా సంతోషం అంటే చిన్న మాట. ఒక ముసలాయన ఇంట్లో పీట జరిగిన చప్పుడు కోసం పందొమ్మిది మంది పొద్దున్నే కూర్చున్నారు. చుట్టాలు కూడా అంత ఓపిక పట్టరు. ముఖం తెలియని స్నేహం ఏంటి అని మొదట అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ గీతలమ్మాయికి నా ఆశీస్సులు. పెద్దమ్మగారికి నమస్కారాలు. ఇస్త్రీ అబ్బాయిని జోకులు మానొద్దని చెప్పు. ఆ దశాంశాల మాట బాగానే ఉంది.

ఇంకొకటి. ఆ నిమిషం నేనూ వినాలనుకుంటున్నాను. ఒక్కణ్ణే వినలేను. మీ అమ్మ ఉన్నా చాలదు. ఆదివారం పదింటికి వాళ్ళందరూ ఉన్నప్పుడు వింటాను. పదిహేడో తారీకు ఆదివారం మీ అమ్మకి సెలవు, ఫోను తనే పట్టుకుంటానంది. ఇస్త్రీ చొక్కా వేసుకుంటాను. కానీ అంతమంది ముందు నాకు నోరు పెగలదు. ఏమీ మాట్లాడకుండా ఊరికే కూర్చుంటే వాళ్ళేమైనా అనుకుంటారా? అది కనుక్కుని వెంటనే రాయి. ఆలస్యం చేయకు, ఆదివారం ఎంతో దూరం లేదు.

తాతయ్య